గడువు: వాన తెరిపిచ్చాక

ఈ మధ్య తుఫాను వస్తోందంటే ఫోన్లే కేకలు పెడుతున్నాయి. మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీసుకుంటుంటే, పక్కన పెట్టిన ఫోను ఒక్కసారిగా అంబులెన్సులా కూత పెట్టింది. చేతిలో పిక్క ఎగిరి ఎక్కడో పడింది. కళ్ళజోడు వెతుక్కుని చూస్తే బంగాళాఖాతంలో వాయుగుండమనీ, అనకాపల్లి పరిసరాల్లో అతి భారీ వర్షాలనీ, లోతట్టు ప్రాంతాలవారు జాగ్రత్తగా ఉండాలనీ ఉంది. నా వయసువాళ్ళు ఇలాంటప్పుడు చేసే పనులు కొన్ని ఉంటాయి కదా, మేడ మీద బట్టలు తియ్యడం, కొవ్వొత్తులు వెతకడం, పాలవాడికి ఫోను చెయ్యడం. నేను అవేమీ చెయ్యలేదు. లేచి బీరువా తెరిచి, చీరల అడుగున దాచిన పసుపు రంగు అట్టముక్క ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అరచెయ్యంత చీటీ అది. దాని మీద నా చేతిరాతతో ఒక ఆడపిల్ల పేరు, రోల్ నంబరు ముప్పై నాలుగు, కింద అయిదు పుస్తకాల నంబర్లు ఉంటాయి. అన్నిటికంటే కింద, తిరిగి ఇవ్వవలసిన గడువు అన్న చోట, మా మావగారి గుండ్రటి అక్షరాలతో రెండే మాటలు: వాన తెరిపిచ్చాక.

మా మావగారు అనకాపల్లిలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేశారు. డ్రాయింగు మాస్టరుకి పెద్ద పనేం ఉంటుంది అనుకున్నారో ఏమో, లైబ్రరీ కూడా ఆయన నెత్తినే పెట్టారు. ఆయన దాన్ని బరువనుకోలేదు సరికదా, ఇంట్లో అత్తగారికి ఇచ్చిన దానికంటే ఎక్కువ టైము దానికే ఇచ్చారని ఆవిడ చివరిదాకా సాధిస్తూనే ఉండేది. ఆ లైబ్రరీ బంగాళాపెంకుల గది. మునిసిపాలిటీ వాళ్ళు తారు పోసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగేది, మా లైబ్రరీ ఎత్తు తగ్గేది. నేను కోడలిగా రాకముందు ఒక తుఫానులో నీళ్ళు లోపలికొచ్చి మూడు బీరువాల పుస్తకాలు అంబలైపోయాయట. వాటిని పారతో ఎత్తిపోశామని చెప్పేటప్పుడు ఆయన గొంతు, ఇంట్లో మనిషి పోయిన సంగతి చెబుతున్నట్టే ఉండేది. బడికి మేడ ఉంది గానీ, తుఫాను వస్తే దాన్ని పునరావాసానికని మండలాఫీసు వాళ్ళు తీసుకునేవారు. అక్కడ మనుషులకే చోటు చాలదు, ఇక పుస్తకాలెక్కడ పెడతాం. అందుకని ఆయన ఒక పద్ధతి కనిపెట్టారు. విశాఖ రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెప్పగానే, లైబ్రరీ మొత్తం పిల్లల చేతికిచ్చి ఇళ్ళకి పంపించెయ్యడం. ఒక్క చోట ఉంటేనే కదా మునిగేది, వంద ఇళ్ళలో ఉంటే నీళ్ళు ఎన్ని ఇళ్ళని వెతుక్కుంటూ వెళ్తాయి అనేవారు. దానికోసం ప్రతి ఎండాకాలం సెలవల్లోనూ పాత ఫైళ్ళ అట్టలు కత్తిరించి, గడువు దగ్గర ఆ రెండు మాటలూ ముందే రాసి, కట్టలు కట్టి ఉంచేవారు. తుఫాను చీటీలనేవాళ్ళం వాటిని. మే నెల ఎండలో చెమటలు కక్కుతూ వాన తెరిపిచ్చాక అని రాసుకునే మనిషిని చూసి వీధంతా నవ్వేది.

అయితే ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేవారు కాదు. పిల్లల మార్కులు ఆయనకి గుర్తుండేవి కావు గానీ ఇళ్ళు మాత్రం నోటికి వచ్చు. గవరపాలెం కుర్రాడిది రెండంతస్తుల మేడ, వాడికి ఇరవై ఇవ్వొచ్చు. బుచ్చయ్యపేట వైపు పిల్లది మెరక మీద ఇల్లు, అటక ఉంది, చూరు కారదు, పది ఇవ్వొచ్చు. ఫలానా పిల్లాడిది మంచి ఇల్లే గానీ వాళ్ళ మామ్మ కాగితం కనిపిస్తే పొయ్యిలో పెట్టేస్తుంది, వాడికి వద్దు. ఇలా ఉండేది ఆయన లెక్క. ఆయన రిటైరై కొన్నేళ్ళయ్యాక, రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత, అదే బడిలో తెలుగు టీచరుగా ఉన్న నాకు లైబ్రరీ అప్పగించారు. నాకు ఆ లెక్క నచ్చలేదు. ఎప్పుడు చూసినా మేడలున్న పిల్లలకే పుస్తకాలు, ఏటి వైపు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు మాత్రం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడాలి. ఇది పక్షపాతం కాదా అని ఒకసారి ఆయన్నే అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇల్లు చూసి ఇచ్చేనమ్మా, పిల్లని చూసి కాదు," అన్నారు. నాకది జవాబులా అనిపించలేదు. అప్పట్లో నేను చాలా తెలివైనదాన్ననుకునే రోజులు.

ఆ ఏడాది దసరా సెలవలై బడి తెరిచిన కొన్నాళ్ళకే వాయుగుండం మొదలైంది. పొద్దున్న ప్రార్థనకి ముందే మావగారు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని వీధి గుమ్మంలో నిలబడి, "మూడో నంబరు ఎగరేసేరమ్మా," అని చెప్పి నన్ను బడికి పంపించారు. మధ్యాహ్నానికి ఆకాశం ఇనప పెనంలా నల్లబడింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. హెడ్మాస్టరుగారు ఒంటిగంటకే బడి వదిలేద్దామన్నారు. నాకు దొరికింది గంట మాత్రమే. తొమ్మిదీ పదీ తరగతుల పిల్లల్ని వరసలో నిలబెట్టి, రోల్ నంబరు ప్రకారం మనిషికి అయిదేసి పుస్తకాలు, బీరువాలో ఏ వరస వస్తే ఆ వరస, ఇస్తూ పోయాను. లోపల ప్లాస్టిక్ కవరు ఉండే యూరియా సంచులు కడిగి ఆరబెట్టి ఉంచడం మావగారి నాటి నుంచీ అలవాటే. ఒక్కో సంచిలో పుస్తకాలు వేసి, మూతి మెలిపెట్టి పురికొసతో కట్టి ఇస్తున్నాం. పదో తరగతి ముప్పై నాలుగో నంబరు దగ్గరికి వచ్చేసరికి బీరువాలో మా లైబ్రరీకే గొప్ప అని చెప్పుకునే పెద్ద నిఘంటువు వచ్చింది, రెండు సంపుటాలు. ఇంకో మూడు కథల పుస్తకాలు కలిపి ఆ పిల్లకిచ్చాను. కశింకోట అవతల నుంచి వచ్చే పిల్ల, సన్నగా, రెండు జడలకీ రెండు రంగుల రిబ్బన్లు. రెండో సంపుటం సంచిలో పట్టలేదు. దాన్ని గుండెలకి హత్తుకుని, "నాకేనాండి?" అని అడిగింది. అంతకుముందు ఏ తుఫానుకీ ఆ పిల్ల చేతికి ఒక్క పుస్తకం కూడా వెళ్ళలేదన్న సంగతి నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ గర్వంలోనే గట్టిగా ఓ మాట కూడా అన్నాను. ఒక్క పేజీ తడిసిందంటే పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వను, అసలు మళ్ళీ బడి గుమ్మమే ఎక్కొద్దు అని. టీచర్లం అలాంటివి రోజుకి పది అంటాం, సాయంత్రానికి మర్చిపోతాం.

ఇంటికొచ్చి బీరువాలన్నీ ఖాళీ చేసేశానని గొప్పగా చెప్పాను. మావగారు కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గోరువెచ్చటి టీ తాగుతూ వింటున్నారు. రోల్ నంబరు ప్రకారం అనేసరికి కప్పు కింద పెట్టారు. నిఘంటువు ఎవరికిచ్చావని అడిగారు. పిల్ల ఊరు చెప్పాను. ఆయన రేడియో కట్టేశారు. రేడియో వార్తలు మధ్యలో కట్టెయ్యడం ఆ ఇంట్లో నేను అదే మొదటిసారి చూడడం.

"ఆ ఊరు ఏటి వొడ్డునుందమ్మా," అన్నారు. "శారద ఏటికి నీరొస్తే ముందు మునిగేది ఆ వీధే. ఇల్లు మట్టి గోడలు."

అప్పటికే చినుకులు పడుతున్నాయి. వీధి చివరికి పరిగెత్తాను. కశింకోట వైపు వెళ్ళే ఆటోలన్నీ ఇళ్ళకి పోయాయి. ఒక ఆటో అబ్బాయి బండికి పట్టా కట్టుకుంటూ, ఈ వానలో ఎవరొస్తారు మేడమ్ అని నవ్వాడు. ఆ ఊళ్ళో ఫోనున్న ఇల్లేదో నాకు తెలియదు. ఆ పిల్ల తండ్రి పేరు కూడా రిజిస్టరు చూస్తే తప్ప తెలియదు. రెండేళ్ళు పాఠం చెప్పిన పిల్ల గురించి నాకు తెలిసింది రోల్ నంబరొక్కటే.

మర్నాడంతా వాన. ఆ మర్నాడు పొద్దున్న శారద పొంగి గట్లు దాటిందనీ, వంతెన మీద రాకపోకలు ఆపేశారనీ తెలిసింది. గొడుగేసుకుని వంతెన దాకా వెళ్ళాను. కర్ర పట్టుకున్న కానిస్టేబులు దూరం నుంచే వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. ఏరు ఎర్రగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతోంది. చెరకు తోటలుండాల్సిన చోట ఆకుల చివర్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక గడ్డివాము నిలువునా తేలుతూ పోయింది, దాని మీద కోడిపెట్ట ఒకటి కూర్చుని ఉంది. నేను అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. తిరిగొస్తూ బడికి వెళ్ళి లైబ్రరీ గది తాళం తీశాను. నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఈసారి వాన నీరు ఎటు మళ్ళిందో గానీ మా వీధి వైపు రాలేదు. ఆ ఖాళీ బీరువాల మధ్య నిలబడి, పుస్తకాలన్నీ ఇక్కడే ఉంటే ఎంత బాగుండేదో కదా ప్రభువా అని ఏడ్చాను. ప్రార్థన కూడా సరిగ్గా రాలేదు, ముప్పై నాలుగు, ముప్పై నాలుగు అని అదే నోట్లో తిరిగింది.

నాలుగో రోజున బడి తెరిచారు. పుస్తకాలు తిరిగి రావడం మొదలైంది. మామూలుగా అయితే అది నాకు పండగ. ఒక్కో పుస్తకం ఒక్కో ఇంటి వాసన మోసుకొచ్చేది. ఒకటి ఎండుచేపల వాసన, ఒకటి సాంబ్రాణి, ఒకటి కొత్త బెల్లం. ఒక మామ్మగారు సరస్వతి అని అట్టకి పసుపు రాసి బొట్టు పెట్టి పంపారు. ఒక ఇంట్లో కొవ్వొత్తి వెలుగులో చదివినట్టున్నారు, మైనం చుక్కలు పడ్డాయి. చీటీలు ఒక్కొక్కటే గీత పెట్టి కొట్టేస్తున్నాను గానీ నా చూపు గుమ్మం మీదే ఉంది. హాజరు పిలిచేటప్పుడు ముప్పై నాలుగుని రెండుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు. అటువైపు ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "ఆళ్ళ గోడ పడిపోనాదంటండి. దాని కిందెవులో పడ్డారంటండి," అంది. ఎవరని అడిగితే తెలీదంది.

మధ్యాహ్నానికి సెలవు పెట్టి బయటికొస్తే, గేటు దగ్గర మావగారు నిలబడి ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చంకలో పాత వార్తాపత్రికల కట్ట పెట్టుకుని. తడిసిన పుస్తకం ఆరబెట్టాలంటే పేజీల మధ్య వార్తాపత్రికలు పెట్టాలి. అంటే ఈయన బెంగ నిఘంటువు గురించేనన్నమాట అనుకుని నాకు ఒళ్ళు మండింది. ముందు నడిచి షేరాటో ఎక్కాను. వంతెన దాటుతుంటే ఇద్దరం ఏటి వైపు చూడలేదు. కశింకోట దాటాక ఆటో దిగి బురదలో నడిచాం. చెరకంతా ఒకే వైపుకి పడుకుని ఉంది. ఊరి మొదట్లో ఒకాయన ఎదురైతే నేను నోరు తెరిచేలోగానే మావగారు అడిగారు, "పదో తరగతి చదివే పిల్ల, గోడ పడిన ఇల్లు. పిల్ల బాగుందా?" పుస్తకం మాటే ఎత్తలేదు. ఆయన గురించి నేను మనసులో అనుకున్న మాటకి అప్పుడు సిగ్గుపడ్డాను. ఆ మనిషి తోటల వైపు చెయ్యి చూపించి, "ఇల్లు నేదండి. బెల్లం వొండే పాకలో ఉన్నారు," అన్నాడు. పిల్ల సంగతి ఆయనకీ తెలియదు.

బెల్లం పాక మెరక మీద ఉంది. ఇంకా చెరకాడే కాలం రాలేదు గనక పొయ్యి చల్లగా ఉంది. దాని గట్టు మీద చెరకురసం కాచే పెద్ద ఇనప పెనం ఉంది, మనిషి అడ్డంగా పడుకునేంతది. పెనం మీద తాటాకు చాప, చాప మీద రాళ్ళు. పక్కన ఒకావిడ మూడు రాళ్ళ మీద అన్నం వండుతోంది. కుడి భుజానికి గుడ్డ కట్టుకున్న ఒకాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల తండ్రి. ఇదే పాకలో బెల్లం వండే పని ఆయనది. పాప ఏదీ అని అడిగాను.

"నోపల దాంకుందండి," అన్నాడు. "మీరొత్తన్నారని దూరం నించే సూసింది. పోలీసోల్లొచ్చినట్టు బయపడిపోతందండి."

నేను అక్కడే, ఆ బురదలోనే కూర్చుని ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, పుస్తకాల కోసమే ఏడుస్తున్నాననుకున్నాడు కాబోలు, ఎడం చేత్తో రాళ్ళు తీసి చాప ఎత్తి చూపించాడు. పెనం నడుమ యూరియా సంచి, మూతికి నేను కట్టిన పురికొస ముడి అలాగే ఉంది. ఏరు పొంగిన రోజు పొద్దున్న తొమ్మిదింటికి నీరు వచ్చిందట. పిల్లల్ని పాకలోకి చేర్చి, ఇంటికి మళ్ళీ వెళ్ళేసరికి నడుము లోతు. ఒక్క మోతకే వీలుంది. బియ్యం మూట, పిల్ల బడి సంచీ, మా పుస్తకాలు, మూడూ అటక మీద ఉన్నాయి.

"ముందివి అట్టుకెల్లిపో నాన్నా, స్కూలుయి అనీసి ఒకటే ఏడుపండి. స్కూలు ముద్దరున్న సామాను కదా అని నానూ ఇయే తెచ్చేసేను. రెండోపాలి ఎల్లేసరికి గోడ ఇలగొచ్చి బుజం మీద పడిపోనాది. బియ్యం, దాని పుస్తకాలు, నోట్సులు అన్నీ ఏట్లో కలిసిపోనాయి." అదేదో మామూలు సంగతి అన్నట్టు చెప్పాడు. గోడ జానెడు ఇటు పడి ఉంటే తల మీదే పడేది.

పాక మూల చెరకు పిప్పి వెనక నుంచి ఆ పిల్ల బయటికొచ్చింది. ఒక జడకే రిబ్బను ఉంది. చేతుల్లో నిఘంటువు రెండో సంపుటం, నీళ్ళు తాగి దిండులా ఉబ్బిపోయింది. సంచిలో పట్టని ఆ పుస్తకాన్ని నీళ్ళలో తనే తల మీద పెట్టుకుని తీసుకొచ్చిందట, ఒకసారి కాలు జారిందట. నన్ను చూసి అన్న మొదటి మాట, "పరీచ్చ రాయనివ్వరు కదండీ?" అని. నేను ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, తప్పు నాదమ్మా, నోరు జారాను, నీదేం తప్పు లేదు అని ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తులేదు. ఆ పిల్ల నమ్మినట్టు లేదు. టీచరు ఏడవడం చూసి ఇంకా బెదిరిపోయింది.

అప్పుడు మావగారు పొయ్యి గట్టు మీద కూర్చుని, "నీ చీటీ ఉందేటమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల సంచి విప్పి మొదటి సంపుటంలోంచి పసుపు చీటీ తీసి ఇచ్చింది. గడువు ఏమని రాసుందో చదవమన్నారు. వాన తెరిపిచ్చాక అని చదివింది. "మరి ఇచ్చిందేటి తెరిపి?" అన్నారాయన. ఆ పిల్ల బయటి ఎండ వైపు చూసి తల ఊపింది. "లేదమ్మా. నువ్విక్కడ దాక్కునున్నంతకాలం తెరిపిచ్చినట్టు కాదు. నువ్వొచ్చి నీ బెంచీ మీద కూచున్న రోజు కదా తెరిపిచ్చినట్టు. అందాకా నీకు గడువు తీరలేదు, ఎవరూ నిన్నడగరు." తర్వాత ఆ ఉబ్బిన పుస్తకం తీసుకుని, ఒక్కో పేజీ ఎలా విడదియ్యాలో, మధ్యలో పత్రికలు ఎలా పెట్టాలో చూపించారు. దీన్ని బీరువాలో పెడితే పక్కవాటికి బూజు పడుతుంది, నీ దగ్గరే ఆరనీ అన్నారు. మిగతా నాలుగూ నేను తెచ్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ చీటీ నా చేతిలో పెట్టి, "దీన్ని కొట్టెయ్యకమ్మా, దాచుకో," అన్నారు. ఆయన నన్ను కోప్పడింది అంతే.

ఆ తర్వాతి సోమవారం ఆ పిల్ల ఎవరిదో వదులు యూనిఫారం వేసుకుని వచ్చి తన బెంచీ మీద కూర్చుంది. లైబ్రరీ పీరియడంతా పదో తరగతి పిల్లలు ఆ పిల్లకి నోట్సులు రాసిపెట్టారు. తెలుగు నోట్సు మొత్తం నేనే రాశాను, వేళ్ళు వాచేలా. పాసైంది, ఇంటరూ చదివింది. తర్వాత తుఫాన్లకి నేను రోల్ నంబర్లు మానేసి, సెలవు రోజుల్లో మావగారిని వెంటేసుకుని పిల్లల ఇళ్ళు చూసొచ్చాను. ఏటి వైపు పిల్లలకి పుస్తకాలు ఇవ్వడం మానలేదు గానీ, తుఫాను వెళ్ళాక ఇచ్చేదాన్ని, ముందు కాదు. ఏటా స్టాకు చూడటానికి వచ్చినవాళ్ళు నిఘంటువు రెండో సంపుటం ఏదని అడిగేవారు. ఒకమ్మాయి తీసుకెళ్ళిందండి అనేదాన్ని. గడువెప్పుడని అడిగితే చీటీ చూపించేదాన్ని. ఒకాయన దాన్ని రెండుసార్లు చదువుకుని, ఏమీ రాసుకోకుండా వెళ్ళిపోయారు. మావగారు పోయారు, నేను రిటైరయ్యాను, లైబ్రరీ గది పడగొట్టి డాబా వేశారు. చీటీ మాత్రం నాతో వచ్చేసింది.

మొన్న ఫోను కూత పెట్టిన పది నిమిషాలకి, నేననుకున్నట్టే, మళ్ళీ మోగింది. ఎలమంచిలి దగ్గర అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్న మా ముప్పై నాలుగో నంబరు. ఆమెకి పైన గదితో శ్లాబిల్లుంది, తల్లీ తండ్రీ ఆమె దగ్గరే ఉంటున్నారు. ప్రతి తుఫానుకీ ఫోను చేస్తుంది, ప్రతిసారీ అవే మాటలు. "టీచరుగారండీ, పుస్తకం మేడ మీద పెట్టీసేనండి," అంది. నేను ప్రతిసారీ అడిగేదే అడిగాను, ముందెవర్ని ఎక్కించావమ్మా అని. ఆమె నవ్వింది. "ముందు అమ్మనీ నాన్ననీ ఎక్కించేనండి, తర్వాత పిల్లల్ని, ఆ తర్వాత బియ్యం. పుస్తకం ఆకర్నండి." ఆ వరస ఆమె నోటితో వింటే తప్ప నేను లేచి కిటికీలు వేసుకోలేను. వేసుకుని, చీటీ మళ్ళీ చీరల అడుగున పెట్టేశాను. ఇన్నేళ్ళలో ఎన్ని వానలు తెరిపిచ్చాయో లెక్కలేదు గానీ, నాకు మాత్రం ఆ గడువు ఇంకా తీరలేదు.